లగేజీ టికెట్టు

పదో తరగతి గ్రూపు ఫోటోలో కమలాక్షి సగమే ఉంటుంది. ముందు వరసలో నిలబడిన పిల్ల భుజం అడ్డమొచ్చి ఒక కన్నూ, సగం జడా మాత్రం పడ్డాయి. 1999లో ధర్మవరంలో తీసిన ఫోటో అది. ఇంకొకటి తీయమని ఎవరూ అడగలేదు, ఎందుకంటే మిగతావాళ్ళ ముఖాలన్నీ బాగానే పడ్డాయి. కమలాక్షి కూడా అడగలేదు. ఇంటికి తెచ్చి పెట్టె అడుగున బట్టల కింద పెట్టేసింది.

ఆమె నాయన ఆదెప్ప పట్టుచీరలు నేసేవాడు. ఇంట్లో రెండు మగ్గాలు, మధ్య గదిలోనే. అన్నాలు తినేదీ, చదువుకునేదీ, నిద్రపోయేదీ ఆ చప్పుడు పక్కనే. ఎనిమిదో తరగతి నుంచీ కమలాక్షి గ్రాఫు కాగితం మీద చీర అంచులు గీసేది. ఒక్కో గడీ ఒక్కో పోగు. మామిడి పిందెలు, జంట హంసలు, తీగలు, ఏది చెప్తే అది గడుల్లోకి దించేది. వాటిని బట్టే అట్టలకు చిల్లులు కొట్టించి మగ్గానికి ఎక్కించేవాళ్ళు. వీధిలో వాళ్ళు కూడా వచ్చి, "ఏమబ్బా ఆదెప్పా, మీ పాపతో నాకూ ఒక అంచు గీయించిస్తావా?" అని అడిగేవాళ్ళు. ఆమె గీసి ఇచ్చేది. అది తన గొప్ప అని ఆమెకెప్పుడూ అనిపించలేదు. ఇంట్లో నీళ్ళు పట్టడం, బట్టలు ఆరేయడం ఎట్లాగో అదీ అట్లాగే అనుకుంది.

డిగ్రీకి హిందూపురంలో చేరింది. పొద్దున ప్యాసింజరు రైల్లో పోవడం, సాయంత్రం రావడం. పెనుకొండలో పుష్పావతి ఎక్కేది. పుష్పావతి తల్లి అలివేలమ్మ అంగన్‌వాడీలో ఆయా. తండ్రి లేడు. పుష్పావతి మాట గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. మొదటి రోజే కమలాక్షి పక్కన కూలబడి, "నీ పేరేంమే?" అని అడిగి, పేరు చెప్పేలోపల సంచిలోంచి బొరుగుల పొట్లం తీసి సగం ఆమె చేతిలో పోసింది. మూడేళ్ళూ ఇద్దరూ అదే పెట్టెలో, అదే కిటికీ దగ్గర. క్లాసులో లెక్చరరు ప్రశ్న అడిగితే కమలాక్షికి జవాబు తెలిసినా నోరు పెగిలేది కాదు. పుష్పావతి లేచి, "సార్, కమలాక్షికి తెలుసు సార్" అనేది. ఆ మాటకు కమలాక్షికి చెమటలు పట్టేవి. కానీ లేచి చెప్పేది, కరెక్టుగానే చెప్పేది.

2004లో డిగ్రీ అయిపోయింది. క్లాసులో చురుకైనవాళ్ళంతా బెంగళూరు పోయారు. రాధిక ఒక పెద్ద కంపెనీలో చేరింది. అమర్‌నాథ్ ఇంకో కంపెనీలో. అమర్‌నాథ్ అంటే క్లాసంతా నవ్వించేవాడు. అతను ఎవరిమీద జోకేస్తే ఆ రోజుకు వాళ్ళే హీరోలు. మూడేళ్ళలో కమలాక్షి మీద ఒక్కసారి కూడా వెయ్యలేదు. పుష్పావతి పెనుకొండలోనే ఒక ప్రైవేటు బడిలో టీచరైంది. కమలాక్షి హిందూపురం బస్టాండు వెనక వీధిలో ఒక కంప్యూటర్ సెంటర్లో ఇన్‌స్ట్రక్టరుగా కుదిరింది. పొద్దున రెండు బ్యాచులు, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సెంటరు ఖాళీ. ఓనరు శ్రీనివాసులు సారు భోజనానికి ఇంటికి పోయేవాడు. పది కంప్యూటర్లు, నెట్టు కనెక్షనూ, ఆమె ఒక్కతే.

ఆర్కుట్ అనే పేరు ఆమె మొదట విన్నది 2006లో. రాధిక మెయిల్ పంపింది, ఇందులో చేరు, మనవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు అని. చేరింది. నిజంగానే అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక పేజీ, ఫోటో, పక్కన ఎంతమంది స్నేహితులో అంకె. రాధికకు మూడు వందల పన్నెండు. అమర్‌నాథ్‌కు ఐదు వందలు దాటాయి. స్క్రాప్‌బుక్ అని ఒకటుండేది. ఎవరైనా వచ్చి ఒక మాట రాసి పోవచ్చు, రాసింది అందరికీ కనబడుతుంది. మన పేజీని ఎవరెవరు చూసిపోయారో కూడా పేర్లు వచ్చేవి.

కమలాక్షికి మొదటి నెలలో పదిహేడుమంది అయ్యారు. ఆ పదిహేడు అంకె ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. రాధిక బెంగళూరులో పెద్ద షాపింగ్ మాల్ ముందు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడిన ఫోటో పెడితే స్క్రాప్‌బుక్‌లో నలభైమంది రాసేవాళ్ళు. కమలాక్షి తన ఫోటో పెట్టడానికి మూడు వారాలు ఆలోచించింది. స్టూడియోలో తీయించుకున్న పాస్‌పోర్ట్ ఫోటో స్కాన్ చేసి పెట్టి, రెండు గంటల తర్వాత తీసేసి, గులాబీ పువ్వు బొమ్మ పెట్టింది. పువ్వుకి రెండు స్క్రాపులొచ్చాయి. రెండోది పుష్పావతిది: "నీ మొగం పెట్టు మే."

ఎవరైనా ఏదైనా రాశారా అని పొద్దున సెంటరు తెరవగానే చూసేది. బ్యాచికీ బ్యాచికీ మధ్య చూసేది. పిల్లలకు పట్టికలు గీయడం నేర్పిస్తూ పక్క కంప్యూటర్లో చూసేది. ఎవరైనా రాసిన రోజు సాయంత్రం రైల్లో కిటికీ దగ్గర కూర్చుని కొండలు చూస్తూ వచ్చేది. రాయని రోజు ఇంట్లో అమ్మ నారాయణమ్మ కంచం ముందు పెడితే, ఆకలి లేదనేది. తనే నలుగురికి రాసింది, నలుగురిలో ఒక్కరూ తిరిగి రాయలేదంటే తనలో ఏదో తక్కువుంది. అది ఏమిటో వెతికేది. రంగు కావచ్చు, ఊరు కావచ్చు, ఇంగ్లీషు కావచ్చు.

ఆదెప్ప ఒకసారి అడిగాడు. "ఏమ్మా, ఈ మధ్య గ్రాఫు కాగితం ముట్టుకోవడమే మానేస్తివి. ఆ నెమలి అంచు సగంలో పెట్టి మూన్నెల్లాయ."

"టైముండల్యా నాయనా" అంది.

"సరేలే" అన్నాడు ఆదెప్ప. ఆ నెమలి అంచు ఇంకెవరో పూర్తి చేశారు.

పుష్పావతి శనివారాలు హిందూపురం వచ్చినప్పుడు సెంటరుకు వచ్చేది. ఆమెకూ ఒక పేజీ ఉండేది, కమలాక్షే తయారుచేసి ఇచ్చింది. తొమ్మిదిమంది స్నేహితులు. నెలకోసారి తెరిచి చూసి మూసేసేది. ఒకరోజు కమలాక్షి పక్కన కూర్చుని ఆమె తెర వైపు చూస్తూ అడిగింది.

"నూటా నలభైమంది ఉండారే! వీళ్ళల్లో నీకు జరమొస్తే వచ్చి చూసేవాళ్ళు ఎంతమందే?"

"అట్ల చూసుకునేది కాదు మే ఇది. నీకు తెలీదులే."

"నాకు తెలీదు. అందుకే అడుగుతాండా."

కమలాక్షికి కోపం వచ్చింది. ఆ రోజు టీ తాగడానికి కూడా బయటికి పోలేదు ఇద్దరూ.

2007 మే నెలలో పుష్పావతి పెళ్ళి. పెళ్ళికొడుకు ఉలిగప్ప, మడకశిర వైపు మనిషి, పెనుకొండ నుంచి హిందూపురం పోయే బస్సులో కండక్టరు. పొట్టిగా, బలంగా ఉండేవాడు. పై పళ్ళు ముందుకొచ్చి, నోరు మూసినా పెదవి మీద ఆనేవి. ఆ రూట్లో ఉలిగప్ప బస్సంటే జనం ముందు బస్సు వదిలేసి మరీ ఎక్కేవాళ్ళు. సగం తెలుగు, సగం కన్నడం కలిపి బస్సంతా నవ్వించేవాడు. సోమందేపల్లిలో ఒక ముసలామె కోడిని గంపలో పెట్టుకుని ఎక్కితే, "అవ్వా, కోడికి టికెట్టు వద్దులే. దోవలో గుడ్డు పెడితే మాత్రం అర టికెట్టు కొడతా" అనేవాడు. ఆ అవ్వకంటే ముందు తనే నవ్వేవాడు, నోరంతా తెరిచి, తల వెనక్కి వాల్చి. శనివారాలు పుష్పావతి హిందూపురం వచ్చే బస్సు అదే. పెళ్ళి మాట పెద్దవాళ్ళే కదిపినా, ఒప్పుకుంది మాత్రం ఆ నవ్వు చూసేనని ఆమె కమలాక్షితో చెప్పింది.

పెళ్ళికి కమలాక్షి తను గీసిన అంచుతో నాయన నేసిన చీర కట్టుకుంది. వంకాయ రంగుకి ఆకుపచ్చ అంచు. శ్రీనివాసులు సారు దగ్గర డిజిటల్ కెమెరా అడిగి తెచ్చుకుంది. పుష్పావతి ఆమెను పక్కనుంచి కదలనివ్వలేదు. ఉలిగప్ప భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళను పిలిచి, "మా చెల్లెలికి ఓళిగ ఇంకోటి వెయ్యండప్పా, ధర్మవరం నుంచి వచ్చింది, ఉత్తిదే పోతే మా మర్యాద పోతుంది" అన్నాడు. తలంబ్రాలప్పుడు ఎవరి చేతికో కెమెరా ఇస్తే వాళ్ళు ఒక ఫోటో తీశారు. పుష్పావతి తల వంచి ఉంది, ముక్కు మీద బియ్యపు గింజ. ఉలిగప్ప నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పక్కన కమలాక్షి.

ఆ ఫోటోలో కమలాక్షి బాగుంది. మర్నాడు సెంటర్లో పెద్ద తెర మీద చూసి తనే నమ్మలేదు. మెడ కాస్త పక్కకు తిప్పి, చీర మీద వెలుగు పడి, ఎవరో వేరే అమ్మాయిలా ఉంది. పెళ్ళికూతుర్ని కత్తిరించి తనవరకే పెట్టుకుందామనుకుంది. కత్తిరిస్తే చీర సగం పోతోంది. ముగ్గురూ ఉన్న ఫోటోనే పెట్టింది. ఫోటో కింద మాటలు రాసే వీలు అప్పుడప్పుడే వచ్చింది.

మొదట రాధిక రాసింది, కమలా చాలా బాగున్నావు అని. ఇంకో ఇద్దరు చీర బాగుందన్నారు. కమలాక్షికి ఒళ్ళు తేలిపోయింది. మధ్యాహ్నం అన్నం తినలేదు, కానీ ఆకలి లేక కాదు. రెండు గంటలకు అమర్‌నాథ్ పేరు కనబడింది. ఆమె పేజీకి అతను రావడం అదే మొదలు. ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒకటే లైను రాశాడు: పెళ్ళికొడుకు పెనుకొండలో ఉంటే పళ్ళు హిందూపురంలో దిగినట్టున్నాయే.

దాని కింద వరసగా నవ్వులు మొదలయ్యాయి. ఎవరెవరో, ఆమెకు తెలియనివాళ్ళు కూడా. కమలాక్షి చూస్తూ కూర్చుంది. ఇప్పుడు తన ఫోటో దగ్గర అందరూ మూగారు, కానీ ఎవరూ తన గురించి మాట్లాడటం లేదు. ఇంకో నాలుగు మాటలైతే అమర్‌నాథ్ వెళ్ళిపోతాడు. ఏదైనా అనాలి. రెండు నిమిషాల్లో తట్టింది. తట్టగానే ఒక్కతే గట్టిగా నవ్వుకుంది కూడా. టైపు చేసింది: మా కండక్టరు బావ పళ్ళకి లగేజీ టికెట్టు కొట్టల్లేమో.

అమర్‌నాథ్ వెంటనే రాశాడు, కమలాక్షీ నువ్వేనా ఇది, ఇన్నేళ్ళు ఎక్కడ దాచావు ఈ టాలెంటు అని. ఆ లైను ఆమె ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు. సాయంత్రానికి నలభై మూడు మాటలు. ఆ వారంలో ముప్ఫైమంది కొత్త స్నేహితులు. "లగేజీ టికెట్టు" అని రాధిక స్క్రాపుల చివర సంతకంలా రాయడం మొదలుపెట్టింది. ఆ రోజు కమలాక్షి స్టేషనుకు నడిచిపోతూ, ఎదురొచ్చే ప్రతి మనిషికీ తను కనబడుతున్నాననుకుంది.

పుష్పావతి ఫోటో చూస్తుందేమోనన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది. పెళ్ళయ్యాక ఆమె నెట్టు దగ్గరికే రావడం లేదు కదా అని సర్దుకుంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం పుష్పావతి సెంటరుకొచ్చింది. ఎప్పుడూ మెట్ల దగ్గర్నుంచే "ఏమ్మే" అని కేకేసేది. ఆ రోజు చెప్పులు విడిచి, గుమ్మంలో నిలబడింది. అప్పటికి ఆమెకు మూడో నెల. కమలాక్షి లేచి కుర్చీ జరిపింది. పుష్పావతి కూర్చోలేదు. చేతిసంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద విప్పింది. ఎవరో ప్రింటు తీసిన కాగితం. పైన ఫోటో, కింద మాటలన్నీ.

"ఇది నువ్వేనా రాసింది?"

కమలాక్షి కాగితం వైపు చూసింది. అబద్ధమాడటానికి చోటు లేదు, పేరుంది.

"తమాషాకి రాసినా మే. అందరూ రాసినారు చూడు. నేనొక్కదాన్నే కాదు గదా."

"అందరూ నా పెళ్ళికి రాలేదు. నువ్వొచ్చినావు."

 పుష్పావతి చెప్పింది, గొంతు పెంచకుండా, బడిలో పిల్లలకు లెక్క వివరించినట్టు.

"నెల్నాళ్ళ నుంచి బస్సులో చదువుకునే పిల్లోళ్ళు లగేజీ టికెట్టు, లగేజీ టికెట్టు అంటాండారంట. ఆయప్పకి అర్థం కాల్యా. నవ్వుతాండారు కదాని వాళ్ళతో పాటు తనూ నవ్వినాడంట. నెల్నాళ్ళు నవ్వినాడు మే. మొన్న ఎవుడో ఈ కాగితం సీట్లో పెట్టి దిగిపాయ. ఇంటికి తెచ్చి, పుష్పా, నాకి ఇంగిలీషు సరిగ్గా రాదు, ఏముండాదో చదివి చెప్పు అని నా చేతికిచ్చినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"ఏముంది చెప్పేకి? పిల్లోళ్ళ పిచ్చి రాతలు అన్నా. ఆయప్ప ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా వచ్చి నీ పేరు మీద వేలు పెట్టినాడు. ఇది మన కమలాక్షి కదా, ఏం రాసింది, చదువు అన్నాడు." పుష్పావతి కాగితం ముడతను వేలితో సాపు చేసింది. "చదివినా" అంది.

బయట వీధిలో బస్సు హారన్ మోగింది. పుష్పావతి కాగితాన్ని మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకుంది, అది అక్కడ వదిలిపెట్టాల్సిన వస్తువు కాదన్నట్టు.

"ఆయప్ప పళ్ళు ఎట్లుంటాయో నాకు కనపడక చేసుకున్నా అనుకున్నావా నువ్వు?" అంది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

కమలాక్షి ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎక్కువగా బాధపడింది ఆ తర్వాత తను చేసినదాని గురించే. రాసిన మాట గురించి కంటే ఇదే ఆమెను ఎక్కువ తినేసింది. పుష్పావతి వెళ్ళిపోయాక ఆమె వెంటపడి మెట్లు దిగలేదు. వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. ఫోటో తీసేద్దామని తెరిచింది. కింద అరవై ఒక్క మాటలున్నాయి. పొద్దున్నుంచి కొత్తగా రెండు చేరాయి. తీసేస్తే ఈ అరవై ఒకటీ పోతాయి. అమర్‌నాథ్ రాసిన లైను కూడా పోతుంది. రేపు తీద్దాం అనుకుంది. నాలుగు గంటల బ్యాచి పిల్లలు వచ్చేశారు. రేపు కూడా తీయలేదు. మూడోరోజు తీసింది. తీసేముందు అమర్‌నాథ్ లైనును ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ నోట్‌బుక్ గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఫోన్లు చేసింది. అలివేలమ్మ ఎత్తి, "పుష్ప నిద్రపోతాంది" అనేది. ఎప్పుడు చేసినా నిద్రే. ఐదు పేజీల ఉత్తరం రాసింది. చదువుకుంటే ఐదు పేజీల్లోనూ తను ఎందుకు రాయాల్సి వచ్చిందో ఉంది గానీ, ఉలిగప్ప ఒక్క చోటా లేడు. చింపేసింది. పుష్పావతికి కూతురు పుట్టిన సంగతి పెనుకొండలో రైలెక్కిన ఒక పాత క్లాస్‌మేటు చెబితే తెలిసింది.

ఉలిగప్ప ఆ రూటు మార్పించుకున్నాడని కూడా ఆమెకు అట్లాగే తెలిసింది. డిపోలో అడిగి మడకశిర వైపు పల్లెల బస్సు వేయించుకున్నాడట. ఆ పల్లెల బస్సులో చదువుకునే పిల్లలు తక్కువ.

2009 జనవరిలో కమలాక్షి ధైర్యం చేసి పెనుకొండలో దిగింది. పాపకు గౌను, చిన్న గిలక్కాయ కొనుక్కుని పోయింది. పుష్పావతి బడికి పోయింది, ఇంట్లో లేదు. ఉలిగప్పకు ఆ రోజు సెలవు. గుమ్మం ముందు చాప మీద కూర్చుని కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తున్నాడు. కమలాక్షి వీధి మలుపులో ఆగి చూసింది. పాప ఏదో చేసినట్టుంది, ఉలిగప్పకు నవ్వొచ్చింది. నవ్వు మొదలవుతూనే అతని ఎడమ చెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది. అరచేతి వెనక నవ్వాడు. చుట్టూ ఎవరూ లేరు, ఏడాది నిండని పాప తప్ప. ఆ పాప ముందు కూడా నోరు కప్పుకున్నాడు.

తిరిగి స్టేషనుకు పోదామనిపించింది ఆమెకు. కాళ్ళు మాత్రం ముందుకే పోయాయి.

"రామ్మా కమలాక్షీ" అన్నాడు ఉలిగప్ప, లేవబోతూ. "ఆయమ్మ బడికి పాయ. నాలుగున్నరకి వస్తుంది. కూర్చో, నీళ్ళు తెస్తా."

"నీళ్ళొద్దన్నా. నీతో ఒక మాట చెప్పేకి వచ్చినా." ఆమె నిలబడే ఉంది. "ఆ మాట నేనే రాసినా. నీ గురించి."

"తెలుసు గదమ్మా."

"తప్పు చేసినాన్నా. నన్ను తిట్టు."

ఉలిగప్ప పాపను ఇటు తొడ మీంచి అటు తొడ మీదికి మార్చుకున్నాడు. "తిట్టేదేముంది. మాట బాగానే రాసినావు. ఇంగెవురి గురించయినా అయ్యుంటే నేను గూడా నవ్విందును. నేను బస్సులో అట్లాంటివి దినామూ చెప్పలేదా?" పాప జుట్టు సవరించాడు. "ఒకటే కమలాక్షీ. నాకి ముప్పై ఏండ్లు వచ్చేదాకా నా పండ్లు నాకి గుర్తుండేవి కాదు. మడకశిర సంతలో చిన్నప్పుడు ఎవురన్నా అంటే, అన్నోడికి నాలుగు అంటించి పోతాంటి. ఇప్పుడు టికెట్టు ఇచ్చేకి నోరు తెరిస్తే చాలు, గుర్తొస్తాయి. ఎదుటోడు ఏం చూస్తాండాడో అని వాడి కండ్లల్లోకే చూస్తా. మతికి రాకుండా ఉండల్లంటే ఏం చేయల్లో తెలీదు. నీకేమన్నా తెలుసా?"

అతను ఎగతాళికి అడగలేదు. కంప్యూటర్లు నేర్పే మనిషి కదా, చదువుకుంది కదా, తెలిసి ఉంటుందేమోనని అడిగాడు. కమలాక్షికి ఆ గుబులు ఎట్లా ఉంటుందో బాగా తెలుసు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి తన ఎత్తెంతో తెలుసుకోవడం ఆమె పదేళ్ళుగా చేస్తున్నదే. మానుకోవడమే ఆమెకూ తెలియదు.

"తెలీదన్నా" అంది.

గౌనూ గిలక్కాయా చాప మీద పెట్టి, పుష్పావతి వచ్చేలోపలే వెళ్ళిపోయింది.

ఆ నెలలోనే ఆర్కుట్ పేజీ మూసేసింది. మూసేసి గొప్ప పని చేశానని కొన్నాళ్ళు అనుకుంది. రెండు నెలల తర్వాత ఉండబట్టలేక వేరే పేరుతో లోపలికి పోయి, తను లేకపోవడం గురించి ఎవరైనా ఎక్కడైనా అడిగారేమోనని అందరి పేజీలూ వెతికింది. ఎవరూ అడగలేదు. రాధిక స్క్రాపుల చివర ఇప్పుడు వేరే ఏదో మాట వస్తోంది.

అదే ఏడాది వేసవి చివర్లో, సాయంత్రం రైల్లో కమలాక్షికి అమర్‌నాథ్ ఎదురయ్యాడు. బెంగళూరు నుంచి గుత్తికి, ఏదో పెళ్ళికి పోతున్నాడు. కాస్త లావెక్కాడు. ఆమెను ముందు గుర్తుపట్టలేదు. పేరు చెబితే, "ఓ, కమలాక్షి! ధర్మవరం కదా" అన్నాడు. ఎదురుగా కూర్చుని ఉద్యోగం గురించి, బెంగళూరు ట్రాఫిక్కు గురించి చెప్పుకొచ్చాడు.

"మన పుష్పావతి పెళ్ళి ఫోటో కింద నువ్వు రాసిన మాట గుర్తుందా?" అని కమలాక్షి అడిగింది.

"ఏ ఫోటో?"

ఆమె చెప్పింది. అతను నుదురు ముడిచి ఆలోచించాడు. "అట్లాంటివి రోజుకి ఇరవై రాస్తుంటి నేను. ఏం రాసినానో గుర్తుండల్యా. నువ్వేం రాస్తివి?"

కమలాక్షి ఆ లైను నోటితో చెప్పింది. రైలు పెట్టెలో, పక్కన పిల్లల తల్లులు వింటుండగా ఆ మాట బయటికి అన్నది అదే మొదటిసారి. అమర్‌నాథ్ పగలబడి నవ్వాడు. "సూపరుండాదే! నువ్వు రాసినావా ఇది? నమ్మలేకుండా ఉండా" అన్నాడు. రెండేళ్ళ క్రితం ఆమె అన్నం మానేసి చదువుకున్న మెచ్చుకోలు మళ్ళీ అట్లాగే, ఆ మనిషి నోటి నుంచే, ఎదురుగా కూర్చుని వినింది. 

"ఆయప్ప ఇప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడు" అంది.

"ఎవరు?"

"పుష్పావతి భర్త."

"అయ్యో" అన్నాడు అమర్‌నాథ్. నిజంగానే నొచ్చుకున్నట్టు కనబడ్డాడు. ఏదో అనబోయాడు. ఇంతలో ఫోను మోగితే తీసి మాట్లాడుతూ తలుపు దగ్గరికి పోయాడు.

రైలు పెనుకొండలో ఆగింది. కమలాక్షి టికెట్టు ధర్మవరం దాకా ఉంది. అయినా సంచి భుజాన వేసుకుని దిగింది. పోయి ఏం మాట్లాడాలో ఆలోచించుకోలేదు. ఆలోచిస్తే ఆగిపోతానని భయపడి త్వరత్వరగా నడిచింది.

పుష్పావతే తలుపు తీసింది. చేతికి పిండి అంటుకుని ఉంది. వెనక ఉలిగప్ప చొక్కా తొడుక్కుంటున్నాడు, డ్యూటీకి పోయే వేళ. కమలాక్షిని చూసి తల ఊపి, కూతుర్ని ఎత్తుకుని, పక్కింటివాళ్ళకు ఇచ్చి వస్తానని బయటికి పోయాడు.

"ఎందుకొచ్చినావు మే?" అంది పుష్పావతి.

"ఊరికే."

"మళ్ళా ఆ మాట ఎత్తేకయితే వద్దు. ఆయప్పకు చెప్పినావంట కదా. చాలు. దినామూ క్షమించు క్షమించు అంటాంటే, అది మర్చిపోయేకి లేకుండా చేస్తాండావు మమ్మల్ని."

"ఎత్తను" అంది కమలాక్షి.

పుష్పావతి గుమ్మంలోంచి పక్కకు జరిగింది. లోపలికొచ్చాక కూడా చాలాసేపు కూర్చోమనలేదు. పొయ్యి దగ్గరికి పోయి రొట్టె తిప్పింది. ఇంకోటి తిప్పింది. పీట చూపించింది తర్వాతే.

ఇప్పుడు కమలాక్షి రెండు మూడు నెలలకోసారి పెనుకొండలో దిగుతుంది. బడి సంగతులు, పాప జరం, అలివేలమ్మ మోకాళ్ళ నొప్పి మాట్లాడుకుంటారు. ఒక గంట కూర్చుని వచ్చేస్తుంది. పుష్పావతి నవ్వుతుంది గానీ ఇంతకుముందులా వీధికి వినబడేట్టు నవ్వదు. అది తన వల్లేనా, పెళ్ళయి పిల్ల పుట్టి వయసు మీదపడటం వల్లనా అని కమలాక్షి అడగలేదు. అడగనని మాట ఇచ్చింది. ఉలిగప్ప ఇంట్లో ఉంటే కాసేపు పలకరించి ఏదో పని ఉందని బయటికి పోతాడు. కిందటిసారి పోతూ పోతూ, తన పాపకు గౌను మీద కుట్టించేదానికి ఏదైనా చిన్న పువ్వు గీసిస్తావా అని అడిగాడు. కమలాక్షి సరేనంది. ధర్మవరం వచ్చి ఆదెప్ప దగ్గర గ్రాఫు కాగితం అడిగి తీసుకుంది. చెయ్యి అలవాటు తప్పింది. గడులు తప్పుతున్నాయి, మూడు కాగితాలు పాడయ్యాయి.